సామిల్లు కరెంటు

పెళ్ళయ్యాక మా మేనబావ నన్ను ఆనందపురం దగ్గరి మా ఊరి నుంచి విశాఖ వన్‌టౌన్‌లో ఒక సందుకు కాపురానికి తెచ్చాడు. ఎనభైల మొదట్లో మాట. సందు చివర ఒక సాయిబు గారి సామిల్లు ఉండేది. బావ అందులో మెకానిక్కు.

కరెంటు కోతలకు రంపాలు ఆగిపోతున్నాయని సాయిబు గారు ఒక యంత్రం తెప్పించారు. నిలువెత్తు ఇనుప డ్రమ్ము. అడవి దుంగలతో వచ్చిన కొమ్మలూ, కోతలో మిగిలిన చెక్కముక్కలూ అందులో వేసి, మంట లేవనీయకుండా కుమలబెడతారు. ఆ పొగను నీళ్ళతో కడిగి ఇంజనుకు పెడితే కరెంటు పుడుతుంది. కడిగిన నీళ్ళు మాత్రం తారు కలిసి నల్లగా, జిడ్డుగా బయటికొచ్చేవి. వాటిని మా సందు కాలువలోకి వదిలేశారు.

పుట్టింట్లో ఎండుచేపల మధ్య పెరిగిన ముక్కే నాది. అయినా ఆ కంపు తట్టుకోలేకపోయాను. పులిసిన గంజీ, కాలిన రబ్బరూ, ఎవరో వాంతి చేసుకున్న చోటూ కలిపి నోట్లో కుక్కినట్టుండేది. బావ కిరసనాయిలుతో తోముకున్నా ఒంటికి అదే వాసన. గోళ్ళ సందుల్లో నలుపుతో ఆయన అన్నం కలుపుతుంటే నేను మొహం తిప్పేసుకునేదాన్ని. అప్పటికి నాకు మూడో నెల.

"ఏటే, అలగ మొకం తిప్పేసుకుంతన్నావు?"

"కంపు, బావా. నీ పక్కన పడుకోలేకపోతన్నాను."

"యేవిళ్ళే పిచ్చిదానా. తగ్గిపోద్ది."

ఇంతలో సాయిబు గారు ఆ కరెంటుతోనే సందులో ఇంటికో బల్బు ఊరికే వేయించారు. సాయంత్రం కరెంటు కోత పడి చుట్టూ చీకటైతే మా సందు ఒక్కటే వెలిగేది. పక్క సందుల వాళ్ళు చూసిపోయేవారు. మావాళ్ళకు ఎక్కడలేని గొప్ప వచ్చేసింది.

కొన్నాళ్ళకు సందులోని బావి నీళ్ళ మీద రంగురంగుల జిడ్డు తేలింది. బావి పక్కన కాలువ పగిలి ఉంది. చేదుకునేవాళ్ళకు చూపించాను.

ఎదురింటావిడను నేను అత్తా అని పిలిచేదాన్ని. "నీకు యేవిళ్ళమ్మా, నీళ్ళకేటైంది? ఉట్టినే ఎలుగొత్తంటే గోల సేత్తావేటి?" అందావిడ. అంటూనే కొంగుతో ముక్కు మూసుకుంది. పక్కనున్నవాళ్ళందరూ తలలూపారు. తారు కంపు కంటే ఆ తలలూపడం నాకు ఎక్కువ రోత పుట్టించింది. ఆ రోజు నుంచి మెయిన్‌రోడ్డు కుళాయి దగ్గరికి బిందె మోసుకెళ్ళాను.

పురిటికి మా ఊరు వెళ్ళి, బిడ్డతో తిరిగొచ్చాను. వేవిళ్ళు లేవు, కంపు మాత్రం అలాగే ఉంది. నేను పొయ్యి దగ్గర ఉండగా బావ బావి నీళ్ళు కాచి బిడ్డకు పోశాడు. ఒళ్ళంతా ఎర్రటి పొక్కులు లేచాయి.

ఆ వారంలోనే సాయిబు గారి తల్లి బిడ్డను చూడ్డానికి వచ్చింది. అందరూ బీబమ్మ అనే పెద్దావిడ. బిడ్డ చేతిలో రూపాయి పెట్టి, దీవించి, దాహమంది. కుళాయి నీళ్ళున్నాయి. నేను కావాలనే బావి నీళ్ళు తోడి ఇచ్చాను.

ఒక్క గుక్క పట్టి గుమ్మంలోకి ఉమ్మేసింది. "తౌబా! ఏటమ్మా ఇది? ఏటి కలిపినావు?"

"నానేటీ కలపలేదు, బీబమ్మా. మీ అబ్బాయిగారి కరెంటే అది."

బిడ్డ ఒంటిమీది గుడ్డ తీసి చూపించాను. పెద్దావిడ గ్లాసు పట్టుకుని సామిల్లుకు నడిచింది. రంపాలు తిరుగుతుండగానే కొడుకు ముందు గ్లాసు పెట్టి, "తాగు" అందట. సాయిబు గారు తల వంచుకుని నిలబడ్డారట కానీ గ్లాసు ముట్టలేదట. అక్కడే ఉన్న బావ ఇంటికొచ్చి చెప్పాడు. ఆ రోజు బావ అన్నం తినలేదు.

సాయిబు గారు యంత్రం ఆపించేశారు. డ్రమ్మును తుక్కు కింద అమ్మేశారు. బావిని రెండుసార్లు తోడించినా జిడ్డు పోలేదు.

బల్బులు పోయినందుకు సందులో నాతో మాటలు మానేశారు. "నీ ముక్కు మా దీపాలార్పేసిందే" అని ఎదురింటత్త మొహంమీదే అంది. ఆ మర్నాడు కుళాయి దగ్గర నా వెనకే బిందెతో నిలబడింది. ఆవిడ వెనక సందంతా ఉంది. ఒక్కరూ నాకేసి చూడలేదు. నా బిందె నిండగానే ఎత్తుకుని వచ్చేశాను.