ఏటి నడుమ మిద్దె హాలు

మొన్న వనపర్తిలో మనవరాలి వరసైన పిల్ల పెళ్లికి పోతే, ఏసీ హాలులో నడి వైశాఖంలో శాలువా కప్పుకుని కూర్చోవలసి వచ్చింది. ఇంతలో కరెంటు పోయింది, జనరేటరు మొరాయించింది, కాసేపటికే హాలంతా ఉడికిపోయి చుట్టాలందరూ అక్షింతలు చేతిలో ఉండగానే బయటికి పరుగు తీశారు. నేను మాత్రం పాత అలవాటు కొద్దీ గోడకు అరచెయ్యి ఆనించి చూశాను, చురుక్కుమంది. నవ్వొచ్చింది, కాస్త గర్వమూ కలిగిందని ఒప్పుకుంటాను.

బల్మూరు రైతు బిడ్డనైన నేను కొత్తగా ఇంజనీరునై గద్వాల వైపు పనికి వచ్చిన రోజుల్లో, నాకు విడిగా అప్పజెప్పిన మొదటి పని, కృష్ణ నడుమ ఉన్న ఓ చిన్న దీవి ఊరికి పెళ్లిళ్లకూ పంచాయితీలకూ పనికొచ్చే హాలు గీయడం. పుట్టి పడవలో తప్ప అక్కడికి దారి లేదు, కరెంటేమో చుట్టంలా వచ్చిపోయేది. ఫ్యాను లేకున్నా చల్లగా ఉండే హాలు కడతానని పంతం పట్టి, ఏటిగాలి కోసమని పడమటి గోడ నిండా కిటికీలు గీసుకుపోయాను. పుట్టి నడిపే పెద్దాయన ఆ కాగితం చూసి, "పడమటి పొద్దు గిట్ల లోపలికొస్తే పెండ్లికొచ్చినోళ్లు వడియాలయితరు బిడ్డా" అన్నాడు. చదివిన చదువంతా ఏట్లో కలిసిందని ఆ రోజు ఏడుపొచ్చింది.

గట్టు అనే ఊరి నుంచి వచ్చిన మేస్త్రి చాచా నా ముఖం చూసి, మండుటెండలో నన్ను తీసుకుపోయి వాళ్లమ్మ ఉండే పాత మట్టి మిద్దెలో కూర్చోబెట్టాడు. మూరెడు మందం గోడలు, కప్పుకు వెలుతురూ గాలీ ఆడే గవాక్షులు. "ఉక్కంతా గండ్లకెల్లి పైకి పోతది బేటీ, జర సబర్ జెయ్" అన్నాడు. అక్కడే చాప మీద కొత్త నక్షా గీశాను: పడమర మూసిన రాతి గోడ, ఉత్తర దక్షిణాలకు కిటికీలు, నాపరాళ్ల మీద చవుడు మట్టి కప్పు, దానికి వరసగా గవాక్షులు. ఊరివాళ్లు ముఖం ముడుచుకున్నారు. మట్టి మిద్దె పేదోళ్ల కప్పట, తమకూ గద్వాలలోలాగా స్లాబు కావాలట. వాళ్ల కోరికా న్యాయమైనదే. చివరికి పెద్దాయనే ముందుకొచ్చి తన బిడ్డ పెళ్లి అందులోనే చేస్తానన్నాడు. ఆపైన నన్ను పక్కకు పిలిచి, "గాలాడకపోతే నా ఇజ్జత్ పోతది, యాదుంచుకో" అన్నాడు.

పెళ్లినాడు అయిజ నుంచి వచ్చిన మగపెళ్లివాళ్లు నమ్మకం చాలక ఓ కూలరునూ జనరేటరునూ పుట్టిలో ఎక్కించుకుని మరీ దిగారు. ఎవరు ముందు లేచి బయటికి పోతారోనని నేను వెనకాల నిలబడి చూస్తున్నాను. తలంబ్రాలయ్యాయి, భోజనాలయ్యాయి, ఎండ నడినెత్తికెక్కి దిగింది, ఒక్కరూ లేవలేదు. పైగా వియ్యపురాలు గురక పెట్టి నిద్రపోయింది. కూలరులో నీళ్లు నింపి శర్బత్ సీసాలు చల్లబెట్టుకున్నారు. పెద్దాయన నా చెయ్యి పట్టుకుని గోడకు ఆనించాడు. చల్లగా ఉంది. ఆ తర్వాత ఎన్ని పెద్ద భవనాలు కట్టినా అంత గెలుపు మళ్లీ ఎరగను.

ఇప్పుడు పెద్దాయన లేడు, చాచా లేడు. మన ఊళ్లలో మిద్దెలు పడగొట్టి స్లాబులు వేసుకున్నాం, ఆ స్లాబుల వేడికి తాళలేక ఏసీలు పెట్టుకున్నాం. ఆ దీవి ఆడవాళ్లు మాత్రం ఏటా తొలకరికి ముందు కప్పు మీద కొత్త చవుడు పరుస్తున్నారట. ఈ సంగతి ఫోనులో చెప్పింది ఆనాటి పెళ్లికూతురే. వచ్చే వారం ఆమె బిడ్డ పెళ్లి, అదే హాలులో. కట్టుకోవలసిన చీర తీసిపెట్టుకుని, శాలువా మడిచి బీరువాలో పెట్టేశాను.