మేకల మందలో రేడియం

నేను చెప్పే కతల్లో సగం అబద్ధాలని మా ఇంట్లోవాళ్ళే అంటారు. సగమేనా అని నేను నొచ్చుకుంటాను. ఇది మాత్రం ఆ సగంలోది కాదు.

అరవైల మొదట్లో మా ప్రయోగశాలలో ఆడమనిషిని నేనొక్కదాన్నే. రాళ్ళలోంచి సహజంగా వెలువడే రేడియేషన్‌ను కొలిచే పని కళ్యాణదుర్గం వైపు పడితే, సొంత జిల్లా కదా, ఎండ కొత్తేం కాదని నన్నే పంపారు. జీపు, డ్రైవరన్న, రేడియేషన్ తగిలితే టిక్కుటిక్కుమనే గైగర్ కౌంటరు. కౌంటరు సరిగా పలుకుతోందో లేదో పొద్దున్నే చూసుకోవడానికి, సీసం పెట్టెలో చిన్న ఇత్తడి గొట్టం, దాని లోపల కాస్త రేడియం. గొట్టం వేలి కణుపంత ఉంటుంది. పట్టకారుతో ఎత్తడానికి ఒక కొసన రింగు.

ఆ రోజు వేపచెట్టు కింద గొట్టాన్ని పీట మీద పెట్టి పరీక్షిస్తుంటే, నీడకోసం మేకల మంద మా మీదికి విరుచుకుపడింది. పీట ఒక పక్క, నేనొక పక్క. మేకలు కాసే ముసలావిడ మమ్మల్నే తిడుతూ వాటిని తోలుకుపోయింది. దుమ్ము అణిగాక చూస్తే గొట్టం లేదు. మధ్యాహ్నం దాకా చెట్టు చుట్టూ, గట్ల వెంట తిరిగాను. కౌంటరు బద్ధకంగా ఎప్పుడో ఒకసారి టిక్కుమంటోంది.

"మేక మింగింటాదిలేమ్మా. పేడ పిక్కల్లో పడిపోతాది," అన్నాడు డ్రైవరన్న.

"అన్నా, ఎవరికన్నా దొరికి, ఒంటికి ఆనుకోనుంటే చర్మం కాలుతాది. అప్పుడే తెలీదు, వారాల తర్వాత తెలుస్తాది."

అతను వెంటనే జీపు తీశాడు. గిట్టల జాడ పట్టుకుని పల్లెకు పోయాం. దొడ్లో మేకలు దొరికాయి. ఒక్కొక్కదాని పొట్టకూ కౌంటరు ఆనించాను. జనం గోడెక్కారు.

"ఏమప్పా, మేకలకు జొరమొచ్చిందా? డాక్టరమ్మ నాడి చూస్తాండాదే!"

"ఆ పోతును గూడా చూడు తల్లీ, పెండ్లాం లేక చిక్కిపోయిండాది!"

నేనూ నవ్వాను. అంతలో కౌంటరు చప్పుడు మారింది. నేను కదల్లేదు. అయినా టిక్కులు దగ్గరపడి, ఒకదాని మీదొకటి పడి, నూనెలో ఆవాలు చిటపటలాడినట్టయింది. గొట్టం నా వైపు నడిచి వస్తోంది. వెనక్కి తిరగాలంటే భయం వేసింది.

తిరిగాను. పొద్దున్నటి ముసలావిడే. చంకలో మనవరాలు, ఏడాది నిండిందో లేదో. ఒంటి మీద మొలతాడు తప్ప ఏమీ లేదు. మొలతాడుకు మా ఇత్తడి గొట్టం.

"అవ్వా, అది యాడ దొరికింది నీకు?"

"చెట్టుకింద. ఎవరిదో తాయెత్తు. పిల్ల నిద్దట్లో ఉలిక్కిపడతాండాదని కట్టినా."

"అది నాది, తీసెయ్యవ్వా. దాంట్లోంచి కంటికి కనపడని వెలుగొస్తాది, పిల్లకు చేటు."

"వెలుగొస్తే మంచిదే కదమ్మా! కట్టినంక తీస్తే కీడు. కావాలంటే మేకపిల్లనిస్తా, తీసుకోని పో."

ప్రతి టిక్కూ ఆ లేత చర్మం మీదే పడుతున్నట్టుంది. లాక్కుంటే ఊరు మీదపడుతుంది. చదివిన భౌతికశాస్త్రమంతా నోట్లోనే ఎండిపోయింది. ఇక మిగిలింది నాకు బాగా వచ్చిన విద్య.

"చెప్పకూడదనుకున్నా అవ్వా. కాన్పులో చచ్చిపోయిన మా వదిన మొలకు ఉండె అది. ఏట్లో కలుపుదామని తీసుకపోతాండా. ఈ పెట్టె ఎందుకు అరుస్తాండాదనుకున్నావు? ఆమె బిడ్డను వెతుక్కుంటాండాది."

గోడమీద నవ్వులు ఆగిపోయాయి. అవ్వ మొలతాడును పళ్ళతో తెంపి, గొట్టాన్ని నా కాళ్ళ దగ్గరికి విసిరి, పిల్లను అదుముకుని ఇంట్లోకి పరుగెత్తింది. గొట్టాన్ని పట్టకారుతో ఎత్తి సీసం పెట్టెలో వేసి మూత బిగించాను. పిల్ల నడుము చూడనేలేదు.

రేడియం కొంచెమే, కట్టింది ఒక్క పూటే. లెక్క ప్రకారం పెద్ద హాని జరగకూడదు. ఆ లెక్క మళ్ళీ మళ్ళీ వేశాను. జవాబు మారలేదు, నిద్రా రాలేదు. చర్మం ఎర్రబడాలంటే పట్టేన్ని వారాలూ ఆగి, మళ్ళీ అటు వెళ్ళాను.

జీపు చూడగానే తలుపులు మూతపడ్డాయి. అవ్వ మాత్రం వేపమండ పట్టుకుని గడపలో నిలబడింది.

"ఈడికి రావద్దు తల్లీ. నీ వెంట ఆమె వస్తాది."

"ఒక్కసారి పిల్లను చూసి పోతా. నడుము దగ్గర మచ్చేమైనా..."

అవ్వ చేతిలో మండ కిందికి వాలింది.

"మచ్చ లేసిందని నీకెవరు చెప్పినారు?"

చాప మీద పిల్ల నిద్రపోతోంది. కందిగింజంత ఎర్రటి మచ్చ. పక్కన వేలు ఆనిస్తే నిద్దట్లోనే కాలు ముడుచుకుంది. ఆసుపత్రికి పోదామంటే అవ్వ మారుమాట లేకుండా జీపెక్కింది. అనంతపురం దాకా దారంతా ఒకటే అడిగింది:

"ఆమె ఇంకా వెంట వస్తాందామ్మా?"

రావడం లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.