వీపు మీద మల్లె

రెండో టీకా వేయించుకున్న వేసవిలో, కెమ్నిట్జ్ నుంచి లైప్‌జిగ్ వెళ్లే రైల్లో ఎవరో "మల్లె, మల్లె" అంటుంటే తెలుగువాళ్లేమోనని వెనక్కి తిరిగాను. మాస్కు పెట్టుకున్న నెరిసిన జుట్టు జర్మన్ ఆవిడ ఫోన్ పెట్టేస్తూ, "గట్టిగా మాట్లాడానా?" అంది.

"లేదండీ. మల్లె అంటే మా భాషలో పువ్వు, జడలో పెట్టుకుంటాం" అన్నాను.

ఆవిడ పకపకా నవ్వింది. స్పెయిన్‌కి చెందిన మయోర్కా దీవిని జర్మన్లు ముద్దుగా మల్లె అంటారట. ఈవిడతో కలిపి కోవిడ్ వార్డులో పనిచేసిన ఐదుగురు నర్సులు, రెండుసార్లు ఆగిపోయిన ప్రయాణానికి మళ్లీ ప్లాన్ వేస్తున్నారు. మూడు రోజులూ బీచ్‌లో తాగడం, డాన్స్ చేయడం, అంతే.

"అందరం ఒకేలాంటి టీషర్టులు వేయించుకుంటున్నాం. వీపు మీదకి 'మల్లె' అని మీ లిపిలో రాసివ్వండి" అని తన పజిల్ పుస్తకం చివరి పేజీ ఇచ్చింది.

టెన్త్‌లో నా చేతిరాతకి తెలుగు సార్ మార్కులు కోసేవారు. ఆ తర్వాత తెలుగు చేత్తో రాసిందే లేదు. ల వత్తు కుదిరేదాకా మూడుసార్లు రాశాను.

ఆ టీషర్టులు నేను చూడలేదు. అయినా ఎవరైనా మయోర్కా వెళ్తున్నామంటే చాలు, అక్కడ నా చేతిరాత ఐదుగురు నర్సుల వీపుల మీద డాన్స్ చేసిందని చెప్పేదాకా ఊరుకోను.