ఎత్తి పోసుకునే నీళ్లు

ఇది ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, నా డైరీలో కూడా రాసుకోలేదు. లలితత్త రెండు వారాల పాటు పగలంతా దాహంతో కూర్చుందంటే, అందులో నా తప్పు ఉంది. ఈ రోజు ఆఫీసులో ఎవరో తల వెనక్కి వంచి, సీసా పెదవులకు తగలకుండా నీళ్లు గొంతులో పోసుకున్నారు. ఆ గుటగుట చప్పుడు వినగానే నా పని ఆగిపోయింది.

చేతులు పనిచేయనివాళ్లకు ఇంట్లో వస్తువులు అందించే రోబో చేతుల్ని అంబత్తూరులోని మా చిన్న కంపెనీ తయారుచేస్తుంది. వాటిని వాడేవాళ్ల ఇళ్లకు వెళ్లి, పక్కన కూర్చుని, ఏం జరిగిందో రాసుకురావడం నా ఉద్యోగం. మాటలు తక్కువ, రాత ఎక్కువ గనక నాకు నచ్చింది. అలాగే చింతాద్రిపేటలో లలితత్త ఇంటికి వెళ్లాను. అరవై దాటిన మనిషి. నరాల జబ్బుతో రెండు చేతులూ ఒళ్లోనే ఉండిపోయాయి. కోడలు ఉదయం పనికి వెళితే మళ్లీ సాయంత్రమే రావడం. ఆ మధ్యలో ఎవరి సాయమూ లేకుండా నాలుగు గుక్కల నీళ్లు తాగాలి, అంతే ఆమె కోరిక. నెల లోపల అది కుదరకపోతే ఆ రోబో చెయ్యి ఇంకొకరి ఇంటికి వెళ్లిపోతుంది.

మొదటి రోజు నన్నూ, టేబుల్‌కు బిగించిన ఆ చేతినీ మార్చి మార్చి చూసింది. “అదీ మాట్లాడదు, నువ్వూ మాట్లాడవు. మీ ఇద్దరిలో మిషన్ ఎవరు మా?” అంది.

గడ్డంతో మీట కదిపి దువ్వెన తీయించింది, కళ్లజోడు తీయించింది. నీళ్ల గ్లాసు మాత్రం పెదవుల దాకా రాగానే మొహం తిప్పుకునేది. “దాహంగా లేదులే.” సాయంత్రం కోడలు వచ్చి పైనుంచి పోస్తే రెండు గ్లాసులు తాగేది. కారణం నాకు మొదటి రోజే తెలుసు. మా ఇంట్లోనూ అంతే. పెదవికి తగిలిన గ్లాసు ఎంగిలి. దాన్ని కడగకుండా బిందె పక్కన పెట్టరు. మేమేమో గ్లాసును నోటికి ఆనించి, మళ్లీ బిందె పక్కనే పెట్టేటట్టు చేతికి నేర్పించాం. ఇది చెబితే మీటింగులో నవ్వుతారని భయపడి, రోజూ ‘నీళ్లు వద్దన్నారు’ అని రాసుకొచ్చాను. చివరికి మా సార్ ఆ కాగితాలు తిరగేసి, “ఆమెకు ఇష్టం లేదు. సోమవారం చెయ్యి తెచ్చేయండి” అన్నారు. అప్పుడూ నోరు తెరవలేదు.

మర్నాడు ఆమె దగ్గర కూర్చుని అడిగాను. “ఎంగిలి అనే కదా అత్తా?”

“ఇంత పెద్ద మిషన్ తెచ్చినోళ్లకు అదెట్ల చెప్పేది? నవ్వరా?” అని, ఉన్నట్టుండి నా వైపు తిరిగింది. “నీకు ఎప్పుడు తెలిసింది?”

“మొదటి రోజే.”

“తెలిసి, ఈడ కూర్చుని రాసుకుంటా ఉండినావా?”

ఆమె ఎదురుగానే సార్‌కు ఫోన్ చేశాను. తప్పు ఆమెది కాదనీ, మనదనీ, మనలో ఎక్కువ నాదనీ చెప్పాను. ఆయన నవ్వలేదు. “గ్లాసు ఎంత ఎత్తులో ఆగాలి?” అని మాత్రం అడిగారు.

పెదవులకు నాలుగు వేళ్ల ఎత్తున ఆగి గ్లాసు వంచడం చేతికి నేర్పేసరికి వారం పట్టింది. మొదటిసారి నీళ్లు ముక్కు మీద పడ్డాయి. తువ్వాలు పట్టుకుని లేచాను. “కూర్చో మా, తడిసింది నేను కదా!” అని గదమాయించి మళ్లీ మీట కదిపింది. మూడోసారి గొంతులో గుటగుటమంది. గ్లాసు బిందె పక్కకు చేరింది.

రెండు నెలలకు జ్వరంతో పోయింది. ఇప్పుడు మీటింగుల్లో తెలిసినది చెబుతాను. నవ్వుతారన్న భయం ఇంకా ఉంది, అయినా చెబుతాను. ఆమె ఉండగా నేను ఆఖరిసారి వెళ్లింది మిట్టమధ్యాహ్నం. చెమటలు కారుతూ గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే, లోపల్నించి మోటారు కదిలిన చప్పుడు, ఆ వెంటనే ఆమె గొంతు వినిపించాయి. ఆ రోజు ఇంకేం మాట్లాడుకున్నామో గుర్తు లేదు. ఆ మాటే మిగిలింది.

“ఎండన పడి వచ్చినావు, కూర్చో. నీళ్లు నేనిస్తా.”