శనివారం రుద్రంగి బస్సు

ఆ ఆదివారం మా సంఘంలో పాస్టర్ అయ్యగారు ఒక తెల్లకాగితం వరసల్లోకి పంపించారు. సువార్త పని తన ఒక్కడిది కాదని, కూలికి పోయేవాళ్ళు, బీడీలు చుట్టేవాళ్ళు, కూరగాయలు అమ్మేవాళ్ళు అందరిదీ అని చాలాసేపు చెప్పారు. ఎవరు ఏ ఊరికి వెళ్తారో పేరు ఎదురుగా రాయమన్నారు. కాగితం నా చేతికి వచ్చేసరికి కోరుట్ల చుట్టుపక్కల ఊళ్ళన్నీ అయిపోయాయి. నేను రుద్రంగి అని రాశాను. ఆ ఊళ్ళో నాకెవరూ తెలియదు. కోరుట్లలో ఎక్కితే బస్సు మారకుండా దిగవచ్చు, అంతే.

మరో ముగ్గురు ఆడవాళ్ళు కూడా రుద్రంగే రాశారు. మొదటి శనివారం నలుగురం ఆధార్ కార్డులు చూపించి ఆడవాళ్ళకిచ్చే ఉచిత జీరో టికెట్లు తీసుకుని, దారంతా పాటలు పాడుకుంటూ వెళ్ళాం. మూడో వారానికి ఇద్దరమయ్యాం. నాట్లు మొదలయ్యాక నేనొక్కదాన్నే మిగిలాను. వాళ్ళను తప్పుపట్టను, వాళ్ళ ఇళ్ళ నిండా మనుషులున్నారు. నా భర్త పోయి ఆరేళ్ళు. కూతురి కాపురం సిరిసిల్లలో. వారానికోసారి ఫోన్ చేసి, "తిన్నవా అమ్మా" అని అడుగుతుంది. తిన్నానంటే పెట్టేస్తుంది.

నాకు వాక్యం చెప్పడం రాదు. నలుగురి ముందు లేచి నిలబడితే అనుకున్న మాట మరిచిపోతాను. ఒంటరిగా వెళ్ళిన మొదటి శనివారం రుద్రంగి వీధుల్లో అటూ ఇటూ తిరిగి, ఏ గుమ్మం ముందూ ఆగే ధైర్యం లేక, తిరుగు బస్సు ఎక్కేశాను. మరుసటి వారం ఉక్కకు తల తిరిగి ఒక ఇంటి అరుగు మీద కూలబడ్డాను. ఆ ఇంటామె ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. నాకంటే పదిహేనేళ్ళు చిన్నది. మంచినీళ్ళిచ్చి, చెంబు పట్టుకున్న నా వేళ్ళను చూసింది.

"నువ్వు గూడ చుడ్తవా అక్కా?"

"చుడ్త. చిన్నప్పటి సంది గిదే పని."

"అయితే గీ ఆకు జర కత్తిరియ్యి. ఇయ్యాల ఎనుకవడ్డ."

బస్సు వచ్చేదాకా తునికాకు కత్తిరించాను. అప్పటినుంచి ప్రతి శనివారం ఆ అరుగే. ఆమె భర్త మస్కట్ పోయి మూడేళ్ళయింది. ఎనిమిది నెలలుగా ఫోన్ లేదు. కంపెనీ వదిలి పారిపోయాడని ఒకరు, జైల్లో ఉన్నాడని ఒకరు, అక్కడే ఇంకొకామెతో ఉంటున్నాడని మరొకరు. ఇవన్నీ ఆమె చాటలోంచి తలెత్తకుండానే చెప్పింది. నేను వింటూ ఆకు కత్తిరించాను. ప్రభువు మాట ఒక్కటీ చెప్పలేదు.

ఒకరోజు ఆమే అడిగింది.

"నిజం చెప్పు అక్కా, గింత దూరం ఎందుకస్తవ్? బీడీలు కోరుట్లల లేవా?"

"నీ కోసం ప్రార్థన చేద్దామని."

"మరి ఒక్కనాడన్న చెయ్యకపోతివి."

"నాకు మాటలు రావు చెల్లె."

"నాకు గూడ రావు. కనీ చెయ్యి."

కళ్ళు మూసుకున్నాను. "ప్రభువా, ఈమె భర్త ఎక్కడున్నాడో నీకు తెలుసు, ఇంటికి తీసుకురా" అన్నాను. ఆపైన ఇంకో మాట రాలేదు. ఇద్దరం అలాగే కూర్చున్నాం. కళ్ళు తెరిచేసరికి ఆమె చప్పుడు లేకుండా ఏడుస్తోంది. కొంగుతో ముఖం తుడుచుకుని మళ్ళీ ఆకు అందుకుంది.

నెలకోసారి పాస్టర్ అయ్యగారు అడిగేవారు. "రుద్రంగిల ప్రార్థనకు ఎందరు అస్తున్నరమ్మా?"

"ఎవ్వలు లేరయ్యా."

ఒక అరుగు మీద కూర్చుని బీడీ ఆకు కత్తిరిస్తున్నానని చెప్పడానికి సిగ్గేసేది. ఇంకో కారణమూ ఉంది. ఆమె కోసం వెళ్తున్నానని చెప్పుకున్నాను గాని, ఆదివారం మధ్యాహ్నం నుంచి శుక్రవారం దాకా నన్ను అక్కా అని పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. శనివారం కోసం ఎదురుచూసింది నేనే.

దసరా దాటాక ఒక శనివారం ఆ గుమ్మం ముందు మగవాళ్ళ చెప్పులు కనిపించాయి. అరుగు మీద పెద్ద సూట్‌కేసు. ఆమె భర్త వచ్చాడు. బాగా చిక్కిపోయి ఉన్నాడు. పనిచేసిన చోట పాస్‌పోర్టు ఇవ్వకపోతే బయటపడి, దొరికిన పని చేసుకుంటూ దాక్కుని బతికాడట. అక్కడి సర్కారు క్షమాభిక్ష పెడితే ఇల్లు చేరాడట. నన్ను కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. నేను తాగేదాకా ఆగి అన్నాడు.

"అక్కా, నేను లేనప్పుడు మా ఇంటిదానికి తోడున్నవట. నీ మేలు మర్వ. కనీ ఊళ్ళె మాటలస్తున్నయ్. మతం మారుస్తున్నరని మా అన్నలు అంటున్నరు. ఇగ నువ్వు రాకు."

"మంచిది తమ్మీ" అన్నాను.

ఆమె లోపలి తలుపు పక్కన నిలబడి ఉంది. బయటికి రాలేదు.

నేను అడిగిందే దేవుడు ఇచ్చాడు. అయినా బస్సులో నాకు సంతోషం రాలేదు. ఆమెకు మనిషినిచ్చి నన్నెందుకు ఇలా వదిలేశావని దారంతా ఆయనతో దెబ్బలాడాను. అలా దెబ్బలాడినందుకు నా మీద నాకే రోత పుట్టింది.

మరుసటి ఆదివారం, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమంటే లేచి నిలబడ్డాను. మొదటిసారి ఏ మాటా మరిచిపోలేదు. అరుగు, ఆకు, ఆ ప్రార్థన, బస్సులో పడ్డ దుఃఖం, అన్నీ చెప్పాను. ఎవరూ స్తోత్రం అనలేదు. అయ్యగారు, "కూసో అమ్మా" అన్నారు. ఆరాధన అయ్యాక చెప్పులు వెతుక్కుంటుంటే అయ్యగారి భార్య పాస్టరమ్మ పక్కకు వచ్చింది.

"నేను గూడ చాన ఊర్లు గట్లనే తిరిగిన. ఇంట్ల ఉండలేక."

ఇంకేమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది.

చలికాలంలో ఒక పొద్దున ఫోన్ మోగింది. రుద్రంగి ఆమె. అరుగు మీద ఎప్పుడో నేనిచ్చిన నంబరు దాచుకుంది.

"అక్కా, ఆయన పొలం కాడికి పోయిండు. శనివారం గా యాళకు నేను కండ్లు మూసుకొని జరసేపు కూసుంటున్న. ఏమనాల్నో తెల్వది."

"ఏమనకున్నా మంచిదే చెల్లె."

"నువ్వు బాగున్నవా?"

బాగున్నానన్నాను. అవతల ఎవరో పిలిచారు, ఫోన్ ఆగిపోయింది. ఆమె మళ్ళీ చేయలేదు. ఆ ఇంట్లో గొడవ అవుతుందని నేనూ చేయలేదు. ఈ సంగతి సంఘంలో చెప్పలేదు.

ఇప్పుడు శనివారాలు జగిత్యాలలో బస్సు మారి మల్యాల వైపు వెళ్తున్నాను. ఇంకా ఏ ఇంటి అరుగూ దొరకలేదు. పోయిన వారం రోడ్డు పక్కన మక్కజొన్న గింజలు ఆరబోస్తున్న ముసలామె అడిగింది.

"ఎవ్వలింటికచ్చినవ్ బిడ్డా?"

"ఎవ్వలింటికి గాదవ్వా."

నా వైపు ఒక్క క్షణం చూసి, మళ్ళీ మక్కలు పరచడంలో పడింది. బస్సు వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను.