దిష్టిబొమ్మ నీడలో చామంతి

మా పొలం ఎంకపల్లిలో. చుట్టూ ఫాంహౌసులు, మధ్యలో ఇరుక్కుపోయిన మా అరెకరం. ఆ ఏడు పక్క ఫాంహౌసు ఆయన గోడ మీద వరసగా ఫ్లడ్‌లైట్లు పెట్టించాడు. దొంగల భయమట. ఎత్తుకుపోవడానికి అక్కడ ప్లాస్టిక్ కుర్చీలు తప్ప నాకేమీ కనపడలేదు.

మా చామంతి మాత్రం ఏపుగా పెరిగింది. ఎటు చూసినా ఆకే, మొగ్గ లేదు. బాపు గట్టు మీద కూలబడి, “దసరకు పూలు రాకుంటే భూమి అమ్మేస్త. ఇగ నాతోని గాదు” అన్నాడు. ఆ మాట భూముల బ్రోకరు చెవిన పడింది. అప్పటినుంచి చుట్టంలాగా వచ్చి మొక్కల్ని పరామర్శించి పోయేవాడు.

ఇదంతా దిష్టి అని మా అవ్వ, బాపు వాళ్లమ్మ, తేల్చింది. పాత కుండకు సున్నం బొట్లు పెట్టి, కర్రలకు బాపు చిరిగిన అంగీ తొడిగి, గోడ దగ్గర దిష్టిబొమ్మను నిలబెట్టింది. మీసం నేనే దిద్దాను. అది కాస్త పక్కాయన పోలికలో వచ్చింది.

కొన్నాళ్లకు ఆ బొమ్మ వెనక మొక్కలు మొగ్గ తొడిగాయి. అక్కడ మాత్రమే! అవ్వ ముఖంలో ఆ గర్వం చూడలేక చచ్చాను.

చామంతి ఆకులు చీకటిని కొలుస్తాయి. రాత్రులు పొడుగైతేనే మొగ్గ వేయమని కొమ్మ కొసకు కబురు పంపుతాయి. తెల్లవార్లూ లైటు వెలుగుతుంటే ఇంకా ఎండాకాలమే అనుకుని ఆకులు వేస్తూ కూర్చుంటాయి. బొమ్మ నీడ పడ్డచోటే వాటికి రాత్రి దొరికింది. ఇదంతా వెళ్లి పక్కాయనకు చెప్పాను. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ సాఫ్ట్‌వేర్ మనిషి, ఓపిగ్గా విన్నాడు. “మొక్కలకి నిద్ర పట్టట్లేదని లైట్లు తీసేయమంటారా? సెక్యూరిటీ అండీ!” అన్నాడు.

ఒళ్లు మండింది. గోడ పొడుగునా పాత చీరలు కడదామన్నాను.

“ఉత్త చీరెలకు దిష్టి పోతదార? బొమ్మలు పెట్టాలె” అంది అవ్వ.

చివరికి బొమ్మల్ని వరసగా నిలబెట్టి, వాటి చేతులకే చీరలు కట్టాం. ఊరంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది కానీ లోపల భయంగా ఉండేది. భూమి పోతే బాపు పొద్దున్నే లేచి ఎటు పోతాడో నాకు తెలియదు.

దసరా దగ్గరపడింది. చేనంతా మొగ్గలు నిండుగా ఉన్నాయి, పువ్వు ఒక్కటీ విచ్చలేదు. పండగ ముందురోజు చీకటి పడుతుండగా బ్రోకరు వచ్చాడు. “మొగ్గలే ఉన్నయి గదనే. మాట మాటే” అన్నాడు. బాపు తల వంచుకున్నాడు. అప్పుడే గాలికి ఒక బొమ్మ పడిపోయింది. ఆ సందులోంచి ఫ్లడ్‌లైటు మొక్కల మీద పడింది.

“బిడ్డా, జర గాడ నిలబడు. బొమ్మ లేచేదాక నువ్వే దిక్కు” అంది అవ్వ బ్రోకరుతో.

పెద్దావిడ మాట కాదనలేక ఆయన వెళ్లి, చేతులు చాచి నిలబడ్డాడు. బాపు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ పంటకాలమంతా ఆయన నవ్వగా నేను చూడలేదు. కళ్లు తుడుచుకుని బ్రోకరు వైపు తిరిగాడు.

“జర వంగకుండ నిలబడన్నా, మొగ్గలకు లైటు తాకుతున్నది. దసరకు గాకుంటే దీపావళికి పూస్తయి. భూమి అమ్మేది లేదు.”