ఛార్జింగ్ లైటు వెలగని జీపు

కరోనా రావడానికి ముందు ఏడాది, వేసవి మొదట్లో, సాలూరు ఘాట్‌రోడ్డు దిగుతున్న ఒక ప్యాసింజరు జీపు కొండను గుద్దుకుంది. డ్రైవరు పక్కన కూర్చున్న ముసలమ్మ అక్కడికక్కడే చనిపోయింది. డ్రైవరు సింహాచలం కుడికాలు నుజ్జయింది. వెనక కూర్చున్నవాళ్లు దెబ్బలతో బయటపడ్డారు. స్టేషను ఆవరణలో చోటు లేక పోలీసులు ఆ బండిని ట్రాక్టరుతో లాగించి మా యార్డులో పెట్టించారు.

మా యార్డు పెద్దది. ఒకప్పుడు మా తాతగారి పేరు రాసిన లారీలు అక్కడ వరసగా నిలబడేవి, రాయపూర్ దాకా వెళ్లి వచ్చేవి. లారీలు పోయాయి, ఇల్లు పోయింది, యార్డు మిగిలింది. అందులో ఒక మూల రేకుల షెడ్డు వేసి నేను ఆటో ఎలక్ట్రీషియన్ పని చేస్తున్నాను. వెనకటి గొప్పలు తెలిసినవాళ్లు జాలిగా చూస్తారు. చేతులకు గ్రీజు అంటడం నాకు నామోషీ కాదు. సగం చేసిన పనిని నా గేటు దాటించడం నామోషీ.

మర్నాడే జీపు ఓనరు గౌరునాయుడు వచ్చాడు. కొండ లైన్లో అతనివి చాలా జీపులు తిరుగుతాయి.

"బాబుగారూ, బ్రేకు ఇన్‌స్పెక్టరు సూసి ఎల్లిపోగానే బండి లైన్లో పడిపోవాల. బాడీ పని ఇంకోడు సూస్తాడు. మీరు కరెంటు సంగతి సూడండి. బేటరీ నిలబడ్తం నేదని ఆడు ఒకటే పోరు."

"ఎవరు?"

"సింహాచలవే. పట్టపగలు నిద్దరోయి కొండకి కొట్టీసినాడు. రోడ్డు మీద టైరు గీత ఒక్కటీ నేదు. బ్రేకు తొక్కినోడైతే గీత పడదేటి?"

ఊళ్లో అందరూ అదే మాట అంటున్నారు. విశాఖపట్నం ఆస్పత్రిలో ఉన్న సింహాచలం తనకేమీ గుర్తులేదన్నాడట.

ఇక్కడ పాత డీజిల్ బండి సంగతి కొంచెం చెప్పాలి. దాని ఇంజనుకు స్టార్టు అవడానికే బ్యాటరీ కావాలి. ఒకసారి అందుకున్నాక కరెంటు లేకపోయినా నడుస్తుంది. అందుకే ఆల్టర్నేటర్, అంటే బ్యాటరీకి ఛార్జింగ్ ఇచ్చే యంత్రం, మా డ్రైవర్లు డైనమో అంటారు, పాడైనా చాలామంది పట్టించుకోరు. బండిని పల్లంలో ఆపుకుంటారు, తోసి స్టార్టు చేసుకుంటారు. కానీ ఈ రకం జీపుల్లో ఆల్టర్నేటర్ వెనక వాక్యూమ్ పంపు బిగించి ఉంటుంది. బ్రేకు పెడల్ తేలిగ్గా దిగేది ఆ పంపు లాగే గాలి వల్లనే. ఫ్యానునీ, ఆల్టర్నేటర్‌నీ, దాని వెనకున్న పంపునీ తిప్పేది ఒకటే బెల్టు. అది తెగితే ఇంజను మామూలుగానే నడుస్తుంది. బ్రేకు మాత్రం రెండు మూడుసార్లు పని చేసి తర్వాత రాయిలా బిగుసుకుపోతుంది. బెల్టు తెగిందని డ్రైవరుకు వెంటనే చెప్పేది మీటరులో ఎర్రగా వెలిగే ఛార్జింగ్ లైటు ఒక్కటే.

రవాణా శాఖ నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చి చూడకముందు నేను ఒక్క బోల్టు కూడా విప్పలేదు. ముందు టార్చిలైటుతో చూశాను. పుల్లీల మీద బెల్టు లేదు. గుద్దుకున్న దెబ్బకు తెగి ఉండవచ్చు అనుకున్నాను. కానీ రేడియేటరు వెనక్కి వచ్చి ఫ్యానుకు నొక్కుకుని ఉంది. తిరుగుతున్న ఫ్యాను అయితే రేడియేటరును గుండ్రంగా కోసేస్తుంది. ఇక్కడ ఒక్క కోత లేదు. రెక్కలు ఎక్కడ ఆగి ఉన్నాయో అక్కడే అచ్చుపడ్డాయి. అంటే గుద్దుకునే సరికే ఫ్యాను తిరగడం లేదు. బానెట్ లోపలి వైపంతా నల్లటి రబ్బరు పొడి. కింద ఛాసిస్ సందులో బెల్టు ముక్క ఇరుక్కుని ఉంది. దాని అంచులు గాజులా మెరుస్తున్నాయి. అది చాలాకాలంగా జారుతున్న బెల్టు.

తర్వాత సీటు చూశాను. డ్రైవరు సీటు వెన్ను వెనక్కి విరిగి ఉంది. బండి గుద్దుకుంటే మనుషులందరూ ముందుకే పోతారు. నడుం వెనక్కి ఆనించి, ఉన్న బలమంతా పెట్టి పెడల్‌ను తొక్కినవాడి సీటే అలా విరుగుతుంది. నిద్రపోయినవాడి సీటు కాదది.

మరి ఎర్రలైటు ఏమైంది? నా బ్యాటరీ తగిలించి తాళం తిప్పాను. ఆయిల్ లైటు వెలిగింది. ఛార్జింగ్ లైటు వెలగలేదు. మీటరు వెనకకు చెయ్యి పెట్టి చూశాను. హోల్డరులో బల్బు లేదు. గలగలమనకుండా దాని మూతికి ఇన్సులేషన్ టేపు నీటుగా చుట్టి ఉంది. బ్యాటరీ ఎందుకు నిలబడటం లేదో అప్పుడు అర్థమైంది. ఆ చిన్న బల్బు గుండా వెళ్లే కరెంటే ఆల్టర్నేటర్‌ను మొదట మేలుకొలుపుతుంది. బల్బు లేకపోతే యాక్సిలరేటర్ గట్టిగా తొక్కేదాకా అది ఛార్జింగ్ ఇవ్వదు. పైగా జారే బెల్టు.

సింహాచలం భార్య పైడమ్మ బండిలో ఉండిపోయిన అతని వస్తువుల కోసం వచ్చింది. తువ్వాలు, కేరేజీ తీసుకుంది కానీ కదల్లేదు.

"బాబూ, ఆడు నిద్దరోనాడా? కుళాయి కాడ నన్ను నిలబడనియ్యటం నేదు. మడిసిని సంపినోడి పెళ్లానివి అంతన్నారు."

బెల్టు ముక్క, విరిగిన సీటు చూపించాను. "నిద్రపోలేదమ్మా. తొక్కాడు. బ్రేకు దిగలేదు."

ఆమె తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు నేను బల్బు సంగతి కూడా చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"అది ఆడే తీసీసినాడు. ఎర్రలైటు ఎలిగితే సాలు, ముందు కూకున్నోల్లు దిగిపోయి ఎనక జీపు ఎక్కీస్తన్నారు. జనం దిగితే స్టేండులో వొరస పోద్ది. బెల్టు మార్సమని నాయుడిగోరికి సెప్తే, ఈ సంత అవనీ, వొచ్చే సంత అవనీ అన్నారు." గొంతు తగ్గించింది. "బాబూ, బెల్టు సంగతి సెప్పండి. బల్బు మాట మీ నోట రానీకండి. దండం పెడతన్నాను."

సాయంత్రం గౌరునాయుడు వస్తే అతనికీ అన్నీ చూపించాను. అతను దీనికి సరిగ్గా తిరగేసి అడిగాడు.

"బల్బు ఆడే తీసినాడని సెప్పండి బాబుగారూ, నాయవే. బెల్టు గొడవ ఎందుకు మనకి? గుద్దినప్పుడు తెగిపోనాదంటే పోనాది."

"గుద్దినప్పుడు తెగలేదు."

"మీ తాతగోరూ ఇలగే కర్రలాగ నిలబడీవోరట. అందుకే లారీకి చక్రం కూడా మిగల్నేదు మీకు."

"మిగిలిన గేటు అదిగో. బయటకు అక్కడినుంచే వెళ్లాలి" అన్నాను.

ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు పైడమ్మ, గౌరునాయుడు ఇద్దరూ ఉన్నారు. ఆయన అడిగినప్పుడు నేను ఫ్యాను అచ్చులు, బెల్టు ముక్క, సీటు చూపించాను. తర్వాత టేపు చుట్టిన హోల్డరు కూడా చూపించాను. ఒకటి చెప్పి ఒకటి దాచి ఉంటే రెండూ అబద్ధమే అయ్యేవని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. పైడమ్మ అక్కడే నేలమీద కూలబడిపోయింది.

కేసు ఓనరు మీదా డ్రైవరు మీదా పడింది. గౌరునాయుడి జీపులు కొన్నాళ్లు ఆగి మళ్లీ తిరిగాయి. సింహాచలం లైసెన్సు పోయింది. కాలు మోకాలి కింద తీసేశారు. నిద్రపోయాడన్న మాట ఊళ్లో ఆగిపోయి, బల్బు తీసేశాడన్న మాట మొదలైంది. సంతలో ఎదురుపడితే పైడమ్మ మొహం తిప్పుకునేది.

అతను ఆస్పత్రి నుంచి వచ్చాక నేనే ఇంటికి వెళ్లాను. మంచం మీద లేచి కూర్చోబోయాడు, వద్దన్నాను.

"గుద్దింది నాకేటీ గుర్తు నేదు బాబూ. అందరూ నిద్దరోనావంటే నిజవేననుకున్నాను. సీటు అలగ ఇరిగిందని మీరు సెప్పినారంట కదా. అది ఇన్నాక తొక్కినానని నాకూ తెలిసినాది."

"బల్బు సంగతి కూడా చెప్పాను. చెప్పక తప్పలేదు."

"సెప్పాల. బల్బు తీసింది మాత్రం నాకు గుర్తున్నాది. సచ్చిపోనాది కదా, ఆ ముసల్ది. ఎర్రలైటు సూస్తే అందరికన్నా ముందు దిగిపోయీది అదే. 'ఒరే, నీ బండికి కన్ను ఎర్రబడ్డాది, నానెక్కను' అనీది. ఆ దినం ఎక్కేముందు ఒంగోని మరీ సూసినాది. 'ఇయాల బాగున్నాదిరా' అని నా పక్కన కూకున్నాది."

కొంతసేపు కూర్చుని వచ్చేశాను.

అప్పటినుంచి ఏ డీజిల్ బండి నా షెడ్డుకు వచ్చినా, పని ఏదైనా సరే, ముందు తాళం తిప్పి ఎర్రలైటు వెలుగుతుందో లేదో చూస్తాను. బల్బు లేకపోతే పెట్టకుండా బయటకు పంపను. జీపులో జనం ఉంటే ముందు కూర్చున్నవాళ్లను పిలిచి చూపిస్తాను. తాళం తిప్పగానే ఈ లైటు వెలగాలి, ఇంజను స్టార్టు అయ్యాక ఆరాలి, దారిలో వెలిగితే బండి ఆపించండి అంటాను. డ్రైవర్లకు ఇది నచ్చదు. ముసలాయనకు చాదస్తమని నవ్వుకుంటారు. ఆ లైటు నాకూ డ్రైవరుకూ మధ్య సంగతి అనే అన్నేళ్లూ అనుకున్నాను. అది వెలగడం లేదు కదా అని ధైర్యం చేసి బండెక్కేవాళ్లు ఉంటారని నాకు తోచనే లేదు.